లెక్కలో వేపమండ

అరవైల మొదట్లో కళ్యాణదుర్గం వైపు ఆరోగ్య శాఖలో లెక్కల గుమాస్తాగా చేరాను. లెక్కలంటే నాకు పిచ్చి, దానికి తోడు కావలసినంత పొగరు. మశూచి ఒక ఊళ్ళో ఎన్నాళ్ళకు ఎంతమందికి సోకుతుందో సూత్రం కట్టి, గ్రాఫు కాగితం మీద గీత గీసి పై అధికారికి ఇవ్వడం నా పని. ఆ గీతను బట్టే ఆయన సంతలూ పెళ్ళిళ్ళూ ఆపించేవాడు.

ఒక వేసవిలో మా టీకాల సాయిబు సొంత ఊళ్ళో మూడిళ్ళలో అమ్మవారు పోసింది. నా గీత చూస్తే కొండెక్కుతోంది. నెల తిరిగేసరికి సగం ఊరు మంచాన పడుతుందని తేల్చాను. ఆ నెలాఖరుకే సాయిబు కూతురి నిఖా. వానల్లేక అప్పటికే రెండుసార్లు వాయిదా పడిన పెళ్ళి అది. ఈసారీ ఆగితే వేరే సంబంధం చూసుకుంటామని మగపెళ్ళివాళ్ళు చెప్పేశారు.

కాగితం పైకి పంపేముందు సాయిబుకు చూపించాను. నాకే ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం తాపీగా గీత వంక చూశాడు.

"ఏమప్పా, దీంట్లో వేపమండ యాడుండాది?"

నాకు ఒళ్ళు మండింది. లెక్కల్లో వేపాకేమిటని కసిరాను. ఆయన నన్ను సైకిలెక్కించుకుని ఊరికి తీసుకుపోయాడు. మూడు గడపలకూ వేపమండలు వేలాడుతున్నాయి. మండ కట్టిన ఇళ్ళకు చుట్టాలు రారు, ఇంట్లోవాళ్ళు బయటికి పోరు. నీళ్ళబిందె కూడా పక్కింటావిడ గడప బయటే దించి పోతోంది. ఆ పక్కిళ్ళవాళ్ళకు సాయిబు ముందే టీకాలు వేసేశాడు. నేనేమో ఊరంతా ఒకరినొకరు రాసుకు తిరుగుతున్నట్టు సూత్రం కట్టాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్కడే అరుగు మీద కూర్చుని లెక్క మళ్ళీ వేశాను. ఈసారి గీత కిందికి వంగింది. వచ్చినవాళ్ళందరికీ టీకా వేయాలన్న షరతు మీద అధికారి పెళ్ళికి ఒప్పుకున్నాడు.

నిఖా రోజు పందిరి గుమ్మంలో పెళ్ళికూతురి తండ్రే, అత్తరు పూసుకుని, టీకాల పెట్టెతో నిలబడ్డాడు. చెయ్యి చాపనిదే బిరియాని లేదు. పెళ్ళికొడుకు మేనమామ అలిగి వెళ్ళిపోయాడు గానీ, మసాలా వాసనకు తిరిగొచ్చి చొక్కా చెయ్యి పైకి లాగాడు.

తరవాత పదిహేను రోజులు నాకు తిండి సహించలేదు. లెక్క తప్పితే ఆ పాపం నాదే. రోజూ సైకిలు తొక్కుకుంటూ పోయి ఊరంతా చూసొచ్చేవాణ్ణి. పదహారో రోజున మూడిళ్ళవాళ్ళూ ఎండిన మండలు తీసేసి వాకిళ్ళు అలుకుతున్నారు. కొత్తగా ఒక్కరికీ రాలేదు. సాయిబు ఎదురొచ్చి నా సైకిలు పట్టుకున్నాడు.

"బిడ్డ అత్తగారింట్లో బాగుండాది. ఇంక నువ్వు అన్నం తినప్పా."

ఆ పూట వాళ్ళింట్లో మూడుసార్లు వడ్డించుకున్నాను.