బట్టీలో కరిగించిన రెండు పౌండ్లు

ఈనక్ బ్లూర్‌ది ఎద్దు మెడ. అది బాక్సింగు పెట్టిన మెడ కాదు. పద్నాలుగో ఏట బడి మానేసిన దగ్గర్నుంచీ పింగాణీ కార్ఖానాలో నెత్తిన మట్టి పెట్టెలు మోసి మోసి కట్టిన మెడ. కాల్చాల్సిన కప్పులూ సాసర్లూ ఆ పెట్టెల్లో సర్ది, నెత్తికెత్తుకుని, నిచ్చెనెక్కి, సీసా ఆకారంలో ఉండే ఇటుక బట్టీ లోపల ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ పని పదేళ్లు చేసినవాడి గడ్డం కింద ఎంత గట్టిగా గుద్దినా తల వెనక్కి ఊగదు. "బ్లూర్‌ని కొట్టడానికి పోయేవాడు చేతికి కట్టు ముందే కట్టించుకుని పోవాలి" అని వాళ్ల ఊరు లాంగ్టన్‌లో జనం చెప్పుకునేవాళ్లు.

కోపం మాత్రం తండ్రి చావుతో వచ్చింది. ఆయనదీ ఆ కార్ఖానాలోనే పని. తెల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి నలభై ఒకటో ఏట పోయాడు. దుమ్ము వల్ల పోయాడని రాస్తే పరిహారం ఇవ్వాలి. అందుకని కార్ఖానా డాక్టరు జలుబు ముదిరి పోయాడని రాశాడు. యజమాని తన సంతాపం కింద ఒక టీ సెట్టు పంపించాడు. అందులో రెండు కప్పులకు అంచు పెచ్చు లేచిపోయి ఉంది. తల్లి దాన్ని అరలో పెట్టి, పాస్టరు గారు వచ్చినప్పుడు అందులోనే టీ పోసేది. పదకొండేళ్ల ఈనక్ ఆ కప్పు ముట్టుకోలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఆ కోపాన్ని చేతుల్లోకి మళ్లించినవాడు తల్లి తమ్ముడు జేబెజ్. ఆయనది మట్టి కలిపే కొట్లో పని. వయసులో ఉన్నప్పుడు సంతల్లో డేరా ముందు నిలబడి, వచ్చినవాడితోనల్లా తలపడినవాడు. తర్వాత ప్రార్థన మందిరంలో పిల్లలకు పాఠాలు చెప్పే పెద్దమనిషయ్యాడు. కుర్రాళ్లకు గుద్దులాట నేర్పుతున్నాడని తెలిసి మందిరం పెద్దలు ఆ పాఠాలు మాన్పించారు. అయినా ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు పోయి, ముసలివాళ్లకు చలి తగలకుండా పొయ్యి రాజేసి వచ్చేవాడు. ఇదేమిటని అడిగితే, పాఠాలు చెప్పొద్దన్నారు గానీ పొయ్యి వెలిగించొద్దనలేదుగా అని నవ్వేసేవాడు.

మట్టి కొట్టు మీది అటకలో ఒక గోనె బస్తా వేలాడదీసి, మేనల్లుడికి అక్కడే అంతా నేర్పాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఈనక్ అసలు బాక్సర్ల లెక్కలోకి వచ్చాడు. నలభై ఏడు పోటీలు కొట్లాడి ఆరే ఓడిపోయాడు. అన్నేళ్లూ పొద్దున ఆరింటికి బట్టీ పనికి పోవడం మానలేదు. భార్య ఎల్సీది కప్పుల అంచుకు బంగారు గీత గీసే పని. మొగుడు పోటీకి పోయిన రోజు ఆమె గీత వంకర పోతుందని పక్కమ్మాయి ఆమె కప్పులు కూడా తనే గీసిపెట్టేది.

మామకూ మేనల్లుడికీ పైన మేనేజరని ఒకడు ఉండేవాడు. పేరు గార్బెట్. అతనికి కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణాలు మూడు, ఒక కారు, నాలుగు టోపీలు. ఈనక్ గెలుచుకున్నదాంట్లో నాలుగో వంతు అతనిది. అంతా కాగితం మీద రాసుకున్నదే. ఆ కాగితం ఉన్నంత కాలం అతని మాట లేకుండా ఈనక్ ఏ రింగులోనూ అడుగు పెట్టకూడదు. అటకలో ఉన్నవి ఒక బస్తా, రెండు జతల పాత గ్లోవ్సు, ఒక బకెట్టు. ఆరేళ్లలో గార్బెట్ ఆ మెట్లెక్కింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ ఎవరో ఫొటో తీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

పందొమ్మిది వందల యాభై ఒకటో సంవత్సరం వసంతంలో ఈనక్‌కు అసలు పోటీ తగిలింది. డాంకాస్టర్ మనిషి వాల్ టెండ్రింగ్‌తో పన్నెండు రౌండ్లు. గెలిచినవాడు దేశపు మిడిల్ వెయిట్ ఛాంపియన్‌తో తలపడతాడు. ఈనక్‌కు అప్పటికి ముప్ఫై నిండాయి. ఇలాంటి అవకాశం ఇంకోసారి వస్తుందని ఎవరూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు.

మిడిల్ వెయిట్ అంటే నూట అరవై పౌండ్లు దాటకూడదు. పోటీ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు అధికారి ముందు తూకం. దాటితే ఒక గంట గడువిస్తారు. అప్పటికీ దిగకపోతే ఆ అవకాశం ఎదుటివాడిది. రెండు వారాలు ఈనక్ ఎండు రొట్టె, ఉడకబెట్టిన చేప తప్ప ముట్టలేదు. వీధి చివర ఓట్స్ అట్లు పోసే హనా అవ్వ, వాసన అతని ముక్కుకు తగలకూడదని అతను పనికి వెళ్లే వేళ దాటేదాకా పెనం పొయ్యి మీద పెట్టేది కాదు. రోజూ సాయంత్రం జేబెజ్ మామ అతన్ని మట్టి కొట్లో పెద్ద త్రాసు మీద నిలబెట్టి తూచేవాడు. పోటీ ముందు రోజు నూట అరవై పౌండ్ల తూనికరాళ్లకు అతను సరిగ్గా సరితూగాడు. ఆ రాత్రి మామ మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

మర్నాడు టౌన్ హాల్లో ఈనక్ గుడ్డలన్నీ విప్పి త్రాసెక్కాడు. అధికారి రెండుసార్లు చూశాడు. నూట అరవై రెండు.

ఈనక్ దిగి మళ్లీ ఎక్కాడు. అదే లెక్క.

జేబెజ్ మామకు అప్పుడే తట్టింది. మట్టి కొట్లో తూనికరాళ్లు ఇరవై ఏళ్లుగా తడి చేతుల్లో తిరుగుతున్నవి. వాటి అడుగున గుంటల్లో మట్టి చేరి, ఎండి, రాయిలాగే గట్టిపడింది. మట్టిని తూచే మనుషులకు రాయికి మట్టి అంటి ఉండటం కంటికి ఆనదు, చేపలవాడికి చేపల వాసన తెలియనట్టు. రాయి తన మీద రాసి ఉన్నదానికంటే బరువుగా ఉంది. దానికి సరితూగినవాడూ అంతే బరువున్నాడు.

"రాళ్లకు మట్టి పట్టి ఉంటుంది, నాయనా," అన్నాడు ఆయన. "నేను గోకి చూసుకోలేదు. తప్పు నాదే."

ఈనక్‌కు మొదట ఆయన మీదే ఒళ్లు మండింది. నోరు తెరవబోయేలోగా గార్బెట్ ముందుకొచ్చి, నలుగురూ చూస్తుండగా జేబెజ్ మామ నెత్తి మీది టోపీ ఊడబెరికి నేలకేసి కొట్టాడు.

"బురద తూచే ముసలోడి చేతిలో పెడితే ఇంతే," అన్నాడు. "వాణ్ణి కూడా బురదలాగే తూచాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అరవై నాలుగేళ్ల మనిషి నడుం పట్టుకుని వంగి టోపీ తీసుకుని, దులిపి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. ఈనక్ కోపం అప్పుడు దిక్కు మార్చుకుంది. అయినా గడియారం నడుస్తోంది. గుడ్డలు తొడుక్కుని కార్ఖానా వైపు పరుగెత్తాడు.

ఆ పొద్దున్నే మూడో నంబరు బట్టీ తలుపు ఇటుకలు తీశారు. లోపల ఇంకా నిప్పుల వేడి. బట్టీ పనివాళ్లు నలుగురు గోడ నీడన కూర్చుని భోజనం చేస్తున్నారు. గంటలోగా రెండు పౌండ్లు చెమటగా కార్చాలని ఈనక్ చెప్పాడు. వాళ్లు రొట్టెలు కాగితంలో చుట్టేసి లేచారు. ఒక్కొక్కడూ కోటు విప్పి అతని మీద వేశాడు. బట్టీలో పనిలేనివాళ్లను రానిస్తే మేస్త్రీ ఉద్యోగం పోతుంది. ఆ మేస్త్రీ చుట్ట తీసి, గోడకేసి తిరిగి, అగ్గిపుల్లల కోసం చాలాసేపు జేబులు తడుముకున్నాడు.

తనదీ కలిపి అయిదు కోట్లు తొడుక్కుని ఈనక్ లోపల మట్టి పెట్టెల మధ్య అటూ ఇటూ నడిచాడు. వేడి కళ్లల్లో సూదుల్లా గుచ్చింది. తలెత్తి చూస్తే జేబెజ్ మామ కూడా లోపలే ఉన్నాడు, తలుపు దగ్గర, తడి గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ.

"బయటికి పో మామా. నీ ఊపిరి నిలవదు."

"నువ్వు వచ్చినప్పుడు వస్తాను."

"నిన్ను చూస్తే నాకు కోపం ఆగట్లేదు. పో."

"కోప్పడు. చెమటైనా పడుతుంది."

ఎల్సీ రంగుల గదిలోంచి కుంచె చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. తడిపిన గుడ్డ అతని పెదాలకు అద్దింది, మింగొద్దని వేలెత్తి మరీ చెప్పింది. గంట గడువు తీరడానికి నాలుగు నిమిషాలుందనగా మళ్లీ త్రాసెక్కాడు. నూట అరవైకి వెంట్రుకవాసి తక్కువ. గార్బెట్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఒంట్లోంచి లాగేసిన నీరు ఒక సాయంత్రంలో తిరిగి రాదు. తాగిన టీ కడుపులో నిలవలేదు. అయినా మొదటి అయిదు రౌండ్లు ఈనక్ టెండ్రింగ్‌ని రింగు తాళ్లకు ఆనించే ఉంచాడు. చూసినవాళ్లు అతన్ని అంత కసిగా ఎప్పుడూ చూడలేదన్నారు. వాళ్లకు తెలియదు, అతను కొడుతున్నది టెండ్రింగ్‌ని కాదని. ఏడో రౌండులో చెమట పట్టడం ఆగిపోయింది. ఎనిమిదిలో పిక్కలు పట్టేశాయి. విరామంలో జేబెజ్ మామ ఆ పిక్కలు పిసుకుతూ, ఆపేద్దామా అని అడిగాడు.

"ఆపావంటే నిన్ను జన్మలో క్షమించను," అన్నాడు ఈనక్.

పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. అక్కడ న్యాయం చెప్పేది రెఫరీ ఒక్కడే, పాయింటులో నాలుగో వంతు దాకా లెక్క కడతాడు. ఆ నాలుగో వంతే ఎక్కువ వచ్చిందని ఆయన టెండ్రింగ్ చెయ్యి పైకెత్తాడు.

గుడ్డలు మార్చుకునే గదిలోకి ముందుగా వచ్చినవాడు టెండ్రింగే. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. తన కోసం దాచుకున్న నారింజ పండు, ఆ రేషను రోజుల్లో, వలిచి సగం ఈనక్ చేతిలో పెట్టాడు. ఎల్సీ అతనికి దండం పెట్టినంత పని చేసింది.

తర్వాత గార్బెట్ వచ్చాడు. నెల తిరక్కుండా లండన్‌లో ఇంకో పోటీ కుదిర్చానని, అది గెలిస్తే మళ్లీ ఛాంపియన్ వరుసలో నిలబెడతానని చెప్పాడు. షరతు ఒక్కటే, ఈనక్ పక్కన ముసలాయన ఉండకూడదు. జేబెజ్ మామ బకెట్టు కడుగుతూ తల ఎత్తకుండానే, గార్బెట్ గారు చెప్పింది సబబే, ఒప్పుకో నాయనా అన్నాడు.

అంతవరకూ అతన్ని గార్బెట్ గారూ అని తప్ప పిలవని ఈనక్ లేచి నిలబడ్డాడు.

"ఆరేళ్లు, గార్బెట్. ఆరేళ్లు నా ఒంటి మీద తగిలిన ప్రతి దెబ్బలో నాలుగో వంతు నీ జేబులోకి పోయింది. నాకో త్రాసు కొనిచ్చావా? నేను మట్టి తూచే రాళ్లతో తూగుతున్నానని నీకు తెలుసా? ఆ మెట్లెక్కితే తెలిసేది. ఆయన నాతోపాటు బట్టీలో నిలబడ్డాడు. నువ్వెక్కడ నిలబడ్డావు?"

"కాగితం నా దగ్గరుందయ్యా," అన్నాడు గార్బెట్ నెమ్మదిగా. "ఇంకా రెండేళ్లుంది. నేను ఊ అనందే రింగు తాడు దాటలేవు. నీ వయసు నువ్వే లెక్కేసుకో."

"ఆయన టోపీ నేలకేసి కొట్టావు. ముందు ఆయనకి తప్పయిందని చెప్పు."

గార్బెట్ నవ్వి వెళ్లిపోయాడు.

తప్పయిందన్న ఆ ఒక్క మాట అతని నోటి నుంచి రాలేదు. రెండేళ్లలో మూడుసార్లు మాత్రం కబురు పెట్టాడు. మూడుసార్లూ అదే షరతు. మూడుసార్లూ ఈనక్ కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపించేశాడు. టెండ్రింగ్ ఛాంపియన్‌తో తలపడి తొమ్మిదో రౌండులో పడిపోయాడు. ఆ పోటీ రేడియోలో వస్తుంటే వీధంతా విన్నది. ఈనక్ ఒక్కడే పెరట్లో కట్టెలు కొట్టాడు, ఆ చలికాలానికి చాలినన్నీ, పక్కింటి వితంతువుకు చాలినన్నీ. పబ్బులో ఎవరైనా, ముసలోడి కోసం కిరీటం వదులుకున్నావటగా అని ఎత్తిపొడిస్తే గ్లాసు అక్కడే పెట్టి బయటికి నడిచేవాడు. అక్కడే ఉంటే కొడతానని అతనికి తెలుసు. ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్లను మేము క్షమించినట్టు అనే చోట నోరు మూసుకునేవాడు. పాస్టరు గారు గమనించి అడిగితే, దేవుడి ముందు అబద్ధం ఆడమంటారా అని తిరగబడ్డాడు. ఎల్సీ, అతని బదులు నేను గట్టిగా చెబుతున్నాలెండి అని సర్ది చెప్పింది. నిజానికి ఆమె కూడా చెప్పేది కాదు.

కాగితం గడువు తీరిన ఏడు, ఈత కొలను నీళ్లు తీసేసి పైన చెక్కలు పరిచిన హాల్లో ఈనక్ మళ్లీ రింగెక్కాడు. అతని వెనక రింగు మూలలో జేబెజ్ మామ. ఎదురుగా ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఎనిమిది రౌండ్లకు ఈనక్ గెలిచాడు, కుడి చేతి ఎముక విరిగింది. అతుక్కున్నాక కూడా పిడికిలి పూర్తిగా ముడుచుకోదని డాక్టరు అక్కడికక్కడే చెప్పేశాడు. ఛాంపియన్ వరుసలో పై పేర్లన్నీ పాతికేళ్లలోపు వాళ్లవే.

బస్సులో ఇంటికి వస్తూ జేబెజ్ మామ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నన్ను ఆ రాత్రే వదిలేసి ఉంటే ఛాంపియన్‌తో కొట్లాడేవాడివి," అన్నాడు. "ఇది దేవుడికి తెలుసు, నాకూ తెలుసు."

"అలాగైతే గార్బెట్ చేసింది కూడా ఆయనకి తెలిసే ఉంటుంది," అన్నాడు ఈనక్. బస్సులో నలుగురు తలతిప్పి చూశారు. "రెండేళ్లుగా చూస్తున్నాను, వాడికి నాలుగో దుకాణం వచ్చింది. నాకు ఆయనతో కూడా పేచీ ఉంది మామా. నువ్వు మాత్రం ఆ మాట ఇంకోసారి అన్నావంటే, ఈ ఎడం చెయ్యి ఇంకా బాగానే ఉంది."

దేవుడి మీద అలాంటి మాట పడితే జేబెజ్ మామ ఎవరినైనా మందలించేవాడు. ఆ సాయంత్రం మందలించలేదు. ఒళ్లోని సంచీ కింద పెట్టేసి, వాచిన ఆ కుడి చేతిని తన తొడ మీద ఆనించుకుని, గుంటల రోడ్డు మీద బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు.