బజారులో అపెనీసా గొంతు

ఉనైసి కంపెనీ మూతపడుతుందని నౌసోరి బజారులో అందరికంటే ముందు తెలిసింది నాకే. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. నేను మిరపకాయలు అమ్ముతాను. నా నోరూ నా సరుకూ ఒకటేనని బజారంతా అంటుంది. అననీ. మా ముత్తాత చెరకు కొట్టడానికి ఈ దీవిలో ఓడ దిగిన నాటి నుంచీ మాది ఈ నది ఒడ్డే, నన్ను కాదనేవాళ్లెవరు?

ఉనైసిది నదికి ఎగువన నైతాసిరి వైపు ఊరు. సువా పట్నంలో, బ్యాంకులో చల్లగా కూర్చుని చేసే ఉద్యోగం. దాన్ని కాస్తా వదిలేసి, తమ్ముడు అపెనీసాతో కలిసి ఫోనులో డబ్బు కట్టే కంపెనీ పెట్టింది. కొనేవాళ్లు ఫోను తీసి నొక్కితే చాలు, మా గంపల పక్కనున్న చిన్న పెట్టె డబ్బు వచ్చిందని కేక పెడుతుంది. లోపలి పనంతా అక్కది, కేక తమ్ముడిది.

ఆ కేక గురించి చెప్పాలి. అపెనీసా అందరికీ ఒకే మాట రికార్డు చేసి ఊరుకునే రకం కాదు. ఒక్కొక్కరి దగ్గరా చేరి, వాళ్లు పెట్టింది తింటూ, వాళ్లకు తగ్గ మాట కనిపెట్టేవాడు. దాలో దుంపలమ్మే మకెరేతా ముసలమ్మకు ముందు పళ్లు లేవు. ఆమెను అందరూ బుబు అంటారు, అమ్మమ్మ అన్నట్టు. ఆమె పెట్టె, "బుబూ, డబ్బొచ్చింది, పళ్లన్నీ కనబడేలా నవ్వు!" అనేది. నాదేమో, "వచ్చాయి మునెమ్మక్కా, ఇక తిట్టడం ఆపు!" అనేది. వెనకే వాడి నవ్వు. కొనడానికి వచ్చినవాళ్లు ఇకిలించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆ పెట్టెను నదిలో పారేస్తానని ఎన్నిసార్లు బెదిరించానో!

రెండేళ్ల కిందట వాడు రగ్బీ ఆడుతూ మైదానంలోనే కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు. మట్టి చేసి వచ్చిన మర్నాడు బజారు తెరిచాం. ఎవరో మిరపకాయలు కొన్నారు. ఇక తిట్టడం ఆపు, అని పెట్టె అరిచింది. గంపల మధ్య కూలబడి ఏడ్చాను.

అప్పటినుంచి ఉనైసి పని లేకపోయినా బజారుకు వచ్చేది. నా వెనక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఊరికే వింటూ ఉండేది. ఒక మూల వాడు ముసలమ్మను ఆటపట్టిస్తాడు, ఇంకో మూల చేపలవాణ్ని వెక్కిరిస్తాడు. ఆ పిల్ల ముఖం అటూ ఇటూ తిరిగేది. నేను చూడలేక తల దించుకుని పుచ్చు మిరపకాయలు ఏరుకునేదాన్ని.

కంపెనీ ఎందుకు నిలవలేదంటారా? నిలిస్తే వింత! ఒక్కడి దగ్గరైనా రుసుము తీసుకుంటేగా. ఒకడు తన తల్లి ఊరివాడు, ఒకావిడ మేనత్త వరస. చేపలవాడు వాతిలియై మరీ ఘనుడు. వాడి ఊరికీ వీళ్ల ఊరికీ మూలపురుషుడు ఒక్కడేనట. అలాంటి ఊళ్లవాళ్లు ఒకరినొకరు ఎంత వెక్కిరించుకున్నా, ఏం పట్టుకుపోయినా కిక్కురుమనకూడదు.

"నా దగ్గర ఫీజా? పోయి మన తాతను అడుగు, ఆయనిస్తాడు," అనేవాడు వాతిలియై. ఉనైసి నవ్వి వదిలేసేది. అంతలో పెద్ద ఫోను కంపెనీ ఒకటి ఇదే పని ఉచితంగా మొదలుపెట్టింది. ఉనైసికి పెట్టుబడి పెట్టినాయన చేతులెత్తేశాడు.

"నెలాఖరుకు ఆపేయాలి మునక్కా," అంది ఒకరోజు.

"ఆపెయ్. నీకు ఉద్యోగాలు కరువా?"

"ఆపితే పెట్టెలు పలకవు."

"వాడి మాటలు నీ ఫోనులో దాచుకోవే, పిచ్చిమొహమా."

"దాచుకున్నాను. అది నేను నొక్కితే పలుకుతుంది. ఇక్కడైతే ఎవరో వంకాయలు కొంటారు, వాడు మాట్లాడతాడు. నేను అడక్కుండానే మాట్లాడతాడు అక్కా."

"అయితే ఆపకు," అన్నాను మొండిగా.

"ఇన్నాళ్లూ ఆపకుండానే లాక్కొచ్చాను. ఇక నావల్ల కాదు."

అందరి ఫోన్లకూ ఒక కబురు పంపేసి ఊరుకోవచ్చు. కానీ వచ్చిన రోజున అక్కాతమ్ముళ్లు దంచి నీళ్లలో కలిపి తాగే యంగోన వేళ్ల కట్ట తెచ్చి, బజారు పెద్దల ముందు పెట్టి, మీ మధ్యకు రానివ్వండని అడిగారు. అలా వచ్చినవాళ్లు పోయేటప్పుడూ కట్ట పెట్టి సెలవడగాలి. సెలవిచ్చేదాకా పెట్టెలు ఆపనంది ఉనైసి. పెద్దావిడ మకెరేతా ఇవ్వకపోతే బాగుండునని ఆ పిల్ల లోలోపల ఆశపడిందని నాకు తెలుసు. నేనూ ఆశపడ్డాను.

శనివారం మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక చాప పరిచారు. ఉనైసి మోకాళ్లు మడిచి కూర్చుని కట్ట ముందుకు జరిపింది.

"నేను వెళ్లిపోతున్నాను. నాకు సెలవిప్పించండి."

మకెరేతా కట్టను ముట్టుకోలేదు.

"ఆ రోజు రానివ్వమని అడిగిందెవరే?"

"మేమిద్దరం, బుబూ."

"మాట్లాడిందెవరు?"

"అపెనీసా."

"మరి వాడికి సెలవెవరు అడుగుతారు? వాణ్ని ఇక్కడే మా దుంపల మధ్య వదిలేసి పోతావా? పొద్దుట్నుంచి సాయంత్రందాకా అరిపిస్తూనే ఉన్నాం పిల్లాణ్ని. వాడికి మాత్రం అలుపుండదా తల్లీ?"

ఉనైసి కట్టను ఇంకాస్త ముందుకు జరిపింది. "నా తమ్ముడు అపెనీసాకు కూడా..." అని ఆగింది. "వాడికి కూడా సెలవిప్పించండి," అంది.

ముసలమ్మ వంగి కట్టను ముట్టుకుంది, సెలవిచ్చినట్టే. అందరూ అరచేతులు గుల్లగా వంచి, ఇక్కడి మర్యాద ప్రకారం మెల్లగా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చెయ్యను.

పెట్టెలన్నీ తీసుకుంటూ చివరికి నా దగ్గరికి వచ్చింది. నాది ఒడిలో దాచుకున్నాను.

"ఇవ్వను పో."

"మునక్కా..."

"తిట్టొద్దని ఇన్నాళ్లుగా మొత్తుకుంటున్నాడు. ఒక్కరోజైనా విన్నానా? నేను వినకముందే ఎలా తీసుకుపోతావే?"

ఉనైసి తన ఫోను తీసింది. "రెండు డాలర్ల మిరపకాయలివ్వు," అంది. పొట్లం కట్టి చేతికిచ్చాను. ఆమె నొక్కింది.

"వచ్చాయి మునెమ్మక్కా, ఇక తిట్టడం ఆపు!"

వెనకే వాడి నవ్వు. ఉనైసి దానితో కలిపి నవ్వింది. అక్కాతమ్ముళ్ల నవ్వు ఒక్కలాగే ఉంటుంది. వాడిది ఆగిపోయాక తనూ ఆపి, కళ్లు తుడుచుకుని, పెట్టె వెనక ఆపే మీట తనే నొక్కింది. నా ఒళ్లోంచి దాన్ని మెల్లగా తీసుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి వాతిలియై వచ్చాడు. నా గంపలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి, డబ్బివ్వకుండా జేబులో వేసుకున్నాడు. తిడతానేమోనని నా ముఖం చూస్తూ అక్కడే నిలబడ్డాడు. నేను ఏమీ అనలేదు. ఆ సాయంత్రం బజారు కట్టేసేదాకా ఎవరినీ ఏమీ అనలేదు.