నేను తుడిచేసిన ఇనుప పొలుసు

మొన్న అశ్వారావుపేటలో మోటారు సైకిలుకు ఆయిలు మార్పిస్తున్నప్పుడు, మెకానిక్కు ఇంజను కింది బిరడా విప్పి, దాని అయస్కాంతానికి పట్టిన ఇనుప నుసిని చూడనైనా చూడకుండా గుడ్డతో తుడిచేస్తుంటే పాత సంగతి గుర్తొచ్చింది. ఒకప్పుడు నేనూ అలాగే తుడిచేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాదులో హెలికాప్టర్ గేర్లను మెరుగుపరిచే పరిశోధనలో ఉండేవాణ్ణి. ఇంజను వేగాన్ని తగ్గించి పై రెక్కలకు అందించే గేరుబాక్సును రోజుల తరబడి తిప్పి, ఎంతకాలం నిలుస్తుందో చూడటం మా పని. దాని ఆయిలులోనూ ఒక అయస్కాంతం ఉండేది. నుసి అంటుకుంటే ఫరవాలేదు గాని, పొలుసు కనబడితే మాత్రం లోపల ఏదో విరుగుతున్నట్టే, అంతా ఆపి విప్పి చూడాల్సిందే. ఒక సాయంత్రం గోటి చివరంత పొలుసు కనబడింది. చెబితే నా సెలవు పోతుంది. అశ్వారావుపేటలో, అత్తగారింట్లో, నాకు కూతురు పుట్టి పదకొండు రోజులైనా ఇంకా చూడలేదు. పొలుసును తుడిచేసి, గుడ్డను చెత్త డ్రమ్ములో పడేసి బస్సెక్కాను. పామాయిలు తోటల పక్కన ఆ ఇంట్లో, పిడికిళ్లు బిగించి నిద్రపోయే బిడ్డను చూస్తూ మూడు రోజులు లోకాన్నే మరిచాను.

తిరిగొచ్చేసరికి గేరుబాక్సు బిగుసుకుపోయి ఉంది. దాని భాగాలు బిగించిన ఫిట్టరుదే తప్పని, ఆయన్ను పనిలోంచి తీసేయాలని పైవాళ్లు అనుకుంటున్నారు. నేలకొండపల్లి మనిషి ఆయన, నేను అన్నా అని పిలిచి, ఆయన టిఫిను డబ్బాలోంచి తిన్నవాణ్ణి. అయినా ఒక పూటంతా నోరు విప్పలేదు. ఆ పూట నన్ను ఇప్పటికీ వదలదు. మధ్యాహ్నం అందరి ముందూ చెప్పేశాను. మా పెద్దసారు ఆ పొలుసు ఎక్కడుందని అడిగాడు. ఫిట్టరన్న నా చెయ్యి పట్టుకుని చెత్త డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లాడు.

"బిడ్డను చూడబోతనంటే నేనొద్దంటనా తమ్మీ? నాతోనన్న చెప్పకపోతివి. పారేసినోడివి నువ్వే, ఏరేది గూడ నువ్వే. కానియ్, జల్దీ."

ఇస్త్రీ చొక్కాల శాస్త్రవేత్తలం, పెద్దసారుతో సహా, జిడ్డుగుడ్డల కుప్ప చుట్టూ కూర్చుని, ఒక్కో గుడ్డ మీదా అయస్కాంతం తిప్పుతూ, మేకులూ, గుండుసూదులూ ఏరి, నవ్వులాపుకోలేక, చివరికి ఆ పొలుసును పట్టుకున్నాం. మైక్రోస్కోపు కింద పెడితే, సానపట్టేటప్పుడు పుట్టిన వేడికి గేరు పన్ను మాడి మెత్తబడిందని తేలింది. ఫిట్టరన్న బిగింపులో ఏ లోపమూ లేదు. సానపట్టే పద్ధతి మార్చి చేయించిన గేర్లు గడువంతా చక్కగా తిరిగిన రోజున, ఆయన నా నోట్లో లడ్డూ కుక్కి, నా బిడ్డ పేరు మీద తినమన్నాడు. నాకు ఆ ఏడు రావలసిన ప్రమోషను రాలేదు, అది న్యాయమే.

ఇప్పుడు ఆయిలులో ఏం తేలినా సెన్సార్లే కనిపెట్టి కంప్యూటరుకు చెప్పేస్తాయట. ఎగిరేవాళ్ల ప్రాణాలకు అదే మేలు, కాదనను. కాని తప్పు చేసినవాడు తన నోటితో తానే ఒప్పుకుని, తాను అన్యాయం చేసిన మనిషి పక్కనే నేల మీద కూర్చుని, జిడ్డు చేతులతో నవ్వుకున్న అలాంటి మధ్యాహ్నం ఇప్పటివాళ్లకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.