ముద్ర పడిన మార్పుకు కట్టిన చీటీ

కొత్తకోటలో మా బాపు కిరాణా దుకాణం వెనక గోదాంలో ఒక పద్ధతి ఉండేది. కుట్టిన బస్తా గురించి ఏదైనా చెప్పాల్సి వస్తే, ఇది ఫలానా ఊరి సరుకని, అడుగున కాస్త తడి తగిలిందని, ఒక చీటీ మీద రాసి బస్తా మూతికి దారంతో కట్టేవాళ్లు. అంతేగాని కుట్టు విప్పి చీటీని లోపల వేసేవాళ్లు కాదు. ఒకసారి విప్పిన బస్తాను మళ్లీ ఎంత బాగా కుట్టినా కొనేవాడు అనుమానంగానే చూస్తాడు. పెద్దయ్యాక నేను కంప్యూటర్ పనిలో దిగి, ఈ గోదాం తెలివినే నా సొంత తెలివిగా నా భాగస్వామికి అంటగట్టాను.

తొంభైల చివరి రోజులవి. సైకిల్ షాపు మీద ఒక గది, అందులో ఒక కంప్యూటర్, ఒక ఫ్యాను, మేమిద్దరం. భాగస్వామి మా ఊరి దర్జీల ఇంటి అబ్బాయి. ఇంట్లో అందరూ కుట్టుమిషన్ల ముందు కూర్చుంటే ఇతనొక్కడు హైదరాబాద్ వెళ్లి ప్రోగ్రాములు రాయడం నేర్చుకొచ్చాడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. అతను నన్ను సేటూ అని వెక్కిరించేవాడు. రాయడం అతని వంతు. కస్టమర్లతో బేరం, రాసినదాన్ని పరీక్షించడం నా వంతు. పని బాగా వస్తే 'మేం చేశాం' అనేవాణ్ణి. చెడితే 'మా భాయ్ చేశాడు' అనేవాణ్ణి.

హైదరాబాద్ నుంచి అతను ఇంకో అలవాటు కూడా తెచ్చాడు. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాన్ని 'పెట్టె'లో వేసేవాడు. పెట్టె అంటే అదీ ఒక ప్రోగ్రామే. లోపల వేసిన ప్రతి మార్పుకూ వరుసగా ఒక నంబరు ఇచ్చేది, ఏం మార్చావో ఒక వాక్యం రాయమనేది. ఏడో మార్పు నాటి ప్రోగ్రాం ఇవ్వమంటే అక్షరం పొల్లుపోకుండా తీసి ఇచ్చేది. మేం రాసిన వాక్యాలన్నీ నంబర్లతో సహా ప్రోగ్రాం నెత్తి మీదే వరుసగా వచ్చి కూర్చునేవి. మొదట్లో నాకిది దండగ పనిలా తోచింది. పాత సరుకును ఎవడైనా దాచుకుంటాడా? తర్వాత ఒకరోజు నేను పాడుచేసిన ప్రోగ్రాంను అతను రెండు మాటలు కొట్టి నిన్నటి రూపంలోకి తెచ్చేసరికి నోరు మూసుకున్నాను.

మా మొదటి పెద్ద కస్టమర్ హైవే పక్కన ధర్మకాంటా పెట్టిన పెద్దమనిషి. లారీలను, ట్రాక్టర్లను సరుకుతో సహా తూచే కాంటా అది. ఆయన పుట్టినప్పటి నుంచీ గొర్లు కాసినవాడు. మంద మొత్తం అమ్మి కాంటా పెట్టాడు. మామా అని పిలిచేవాళ్లం. మేం కంప్యూటర్ బిగించిన రోజు దాన్ని చుట్టూ తిరిగి చూసి అడిగాడు:

"గొర్రయితె ఆకలైతె అరుస్తది, రోగమొస్తె మూలకు పంటది. గిది సచ్చిందో బతికిందో నాకెట్ల తెల్వాలె?"

"లైటు ఎలుగుతది మామా."

"లైటు దయ్యానిక్కూడ ఎలుగుతది," అన్నాడు.

తూనికల కొలతల ఇన్‌స్పెక్టర్ వచ్చి, తన తూకం రాళ్లు పెట్టి పరీక్షించి, కాంటాకు ముద్ర వేశాడు. గట్టి మనిషి. మా ప్రోగ్రాం మొదలవగానే తెర మీద ఒక చెక్ నంబరు కనిపించేది. ప్రోగ్రాంలోని అక్షరాలన్నింటినీ కలిపి లెక్కగట్టిన నంబరు అది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మారిపోతుంది. ఆయన దాన్ని తన సర్టిఫికెట్‌లోకి ఎక్కించి, "ఈ నంబరు మారిందా, నా ముద్ర లేనట్టే. మళ్లీ నేను వచ్చి చూసేదాకా తూకం బందు" అని చెప్పి వెళ్లాడు.

ఆరోజు కాంటాలో ఉన్నది పద్నాలుగో మార్పు. గదికి రాగానే భాయ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"పద్నాలుగు పాసయింది. దాని వాక్యంలనే రాసేస్త."

"ఆగు. వాక్యం యాడ కూసుంటది?"

"ప్రోగ్రాం నెత్తి మీద."

"మరి చెక్ నంబరు?"

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. పాసైందని అందులో రాస్తే, రాసినందుకే అది ఫెయిలవుతుంది.

"మీరు దర్జీలు భాయ్," అన్నాను. "బట్ట కనవడంగనే కత్తెర తీస్తరు. మేం బస్తా ముట్టం. చీటీ కడ్తం."

అలా పుట్టాయి మా చీటీలు. పెట్టెకు బయట వేరే ఫైలు, అందులో ఒక్కో మార్పు నంబరు కింద దాని గురించి తర్వాత తెలిసిన సంగతులు. మార్పును మాత్రం ముట్టం. ఆలోచన నాదే గాని, నియమాల దగ్గర మాకు ఒక పూటంతా బేరం నడిచింది. చీటీలో తప్పు రాస్తే చెరిపేద్దామన్నాను. చెరపొద్దు, కింద ఇంకో మాట చేర్చమన్నాడు. ప్రతి మాట చివరా రాసినవాడి గుర్తుండాలన్నాడు. అదెందుకు, ఇద్దరమే కదా అన్నాను. "ఇద్దరమే కాబట్టి," అన్నాడు. చివరికి నేను గెలిచింది ఒక్కటే. ముద్రల చీటీలు ఒక కట్ట, మా సణుగుడు చీటీలు ఇంకో కట్ట. ఇన్‌స్పెక్టర్‌కు చూపించాల్సిన చోట 'మామ పొద్దటి నుంచి బుర్ర తింటున్నాడు' అని ఉంటే బాగుండదు కదా. ఆ మాట రాసింది నేనేనని చెప్పనక్కర్లేదు, కింద గుర్తు ఉంది.

మామ కాంటాలో పద్నాలుగే నడుస్తుండగా, వేరే కస్టమర్ల కోసం మార్పులు సాగుతూనే ఉన్నాయి. కొన్నాళ్లకు పని పెరిగి రోడ్డుకు అవతలి పక్క పెద్ద గదికి మారాం. కొత్త కంప్యూటర్ కొన్నాం. బాపు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చి, భాయ్ పాత పెట్టెను కొత్త మిషన్‌లోకి ఎక్కించబోతుంటే అడిగాడు.

"ఏ నంబరు కాడ మొదలువెడ్తున్నవు బేటా?"

"పాతది ఇరవై ఆరు కాడ ఆగింది చాచా. ఇరవై ఏడు."

బాపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "కొత్త దుకాన్ల ఎవడన్న పాత లెక్క ఎత్తుకుంటడా? ఒకటితోని మొదలువెట్టు. మేం దుకాన్ గద్దె మారినప్పుడల్ల గట్లనే చేసినం. పాత అంకె తెస్తే పాత దరిద్రం ఎంటొస్తది."

భాయ్ నా వైపు చూశాడు. ఖర్చులేని శకునం ఏదైనా నాకు ఇష్టమే. తల ఊపాను. పెద్దాయన మాట కాదనలేక అతను ఇరవై ఆరో మార్పు నాటి ప్రోగ్రాంను పట్టుకొచ్చి, దాని నెత్తి మీది పాత వాక్యాలన్నీ తుడిచి, కొత్త పెట్టెలో ఒకటో నంబరుగా వేశాడు. చీటీల ఫైలును మాత్రం భద్రంగా ఎక్కించుకున్నాం. పాత కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు ఆలంపూర్‌లో ఒక ఎరువుల దుకాణం సేటుకు అమ్మేశాను. పాత పెట్టె దాచిన ఫ్లాపీలను తుడిచి వేరే పనికి వాడాను. కొత్త ఫ్లాపీ కొనడమంటే నాకు ప్రాణం పోయేది. చీటీలు మన దగ్గరున్నాయి కదా అనుకున్నాం. గోదాంలో బస్తాలు మార్చేసి, చీటీల కట్ట చంకన పెట్టుకొని వచ్చిన తెలివిగలవాళ్లం.

ఆ ఏడాది పల్లికాయ మార్కెట్‌కు రావడం మొదలైన వారంలోనే పిడుగు పడి మామ కాంటా కంప్యూటర్ కాలిపోయింది. కాంటాకు ఏమీ కాలేదు, ముద్రా పదిలంగానే ఉంది. ప్రోగ్రాం నకలుతో మేం ఆయనకిచ్చిన ఫ్లాపీ రేకుల కప్పు కింద ఎండకు వంకరపోయింది. ఇన్‌స్పెక్టర్ ఏదో శిక్షణకు వెళ్లాడు, ఈ సీజన్‌కు వచ్చేలా లేడు. అంటే పాసైన ప్రోగ్రాం ఉన్నదున్నట్టు దొరికితేనే మామ కాంటా నడుస్తుంది. లేదంటే ఊరికి అటు చివరున్న ఇంకో కాంటాకు ట్రాక్టర్లన్నీ వెళ్లిపోతాయి.

మాకు దిగులేమీ లేదు. ముద్రల కట్ట తెరిచాం. 'పద్నాలుగు. ఇన్‌స్పెక్టర్ పాస్ చేశాడు.' పెట్టెను పద్నాలుగు అడిగాం, ఇచ్చింది. వేరే కంప్యూటర్ మోసుకెళ్లి మామ గదిలో బిగించి మొదలుపెట్టాం. తెర మీద చెక్ నంబరు వచ్చింది. గోడకున్న సర్టిఫికెట్ చూశాను. తెర చూశాను. ఒక్క అంకె కూడా కలవలేదు.

గదికి పరుగెత్తి రెండో కట్ట తెరిచాం. పద్నాలుగు కింద రెండు మాటలున్నాయి. పైన భాయ్ గుర్తుతో 'ట్రాక్టరు, ట్రాలీ విడిగా తూచినా కూడిక సరిగ్గా వస్తోంది.' కింద నా గుర్తుతో 'ట్రాలీ తూకం మింగేస్తోంది, ఎవరికీ ఇవ్వొద్దు.' పైది పాత పద్నాలుగు, కిందది కొత్త పద్నాలుగు. ఒకే చీటీ రెండు బస్తాలకు కట్టి ఉంది.

భాయ్ కొత్త పెట్టెలోని ఒకటో నంబరు తీసి, పాత పద్నాలుగు తర్వాత చేసిన మార్పులను వెనక్కి తిప్పి, తుడిచేసిన పాత వాక్యాలను గుర్తున్నంత వరకు మళ్లీ కొట్టి చూశాడు. చెక్ నంబరు దగ్గరికి కూడా రాలేదు. ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువైనా చాలు కదా.

మామ మా వెనకే గదికి వచ్చాడు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటుంటే నాకు తోచిన మొదటి ఉపాయం ఇది: "మామా, నడిచే ప్రోగ్రాం వేరేది పెడ్తం. తూకం సరిగనే ఉంటది. నంబరు ఎవడు చూస్తడు?"

"నువ్వు చూసినవు గద," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "తూకం తప్పని ఎవడో ఒకడు లొల్లి వెడ్తడు. గప్పుడు నేను జూపేది ఆ గోడ మీది కాయిదమే. అది అబద్ధమైతె నా మాట పోతది. మంద ఒక్కసారే అమ్మిన బిడ్డా. మళ్ల అమ్మనీకె ఏం లేదు."

ఆలంపూర్ కంప్యూటర్‌లో పాత పెట్టె ఇంకా ఉండొచ్చు. సేటు దాన్ని తుడిచేసి ఉండొచ్చు కూడా. రెండోది ఆలోచించడం మానేసి బస్సెక్కాం.

ఎరువుల సేటు గల్లా వెనక కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ మీద పువ్వుల గుడ్డ కప్పి, దాని మీద అగరుబత్తుల స్టాండు పెట్టాడు. చూడగానే నాకు ధైర్యం వచ్చింది. అంత భక్తిగా చూసుకునేవాడు లోపల దేన్నీ తుడిచి ఉండడు. కాని బేరంలో ధైర్యం కనబడకూడదు. మెల్లగా సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"బర్రెను అమ్మినంక దాని కడుపుల దూడ మాదంటే ఎట్ల?"

"దూడ కాదు సేటూ. కొట్టంల మా పలుపు మర్సిపోయినం."

"పలుపు నా బర్రె మెడకున్నది గద. ఊకెనే ఎట్ల ఇప్పుత? ఏడాదంత వచ్చి దీన్ని మంచిగ చూసిపోతమంటె చెప్పున్రి."

పండుగ దాకా అని మొదలుపెట్టి ఆరు నెలల దగ్గర ఒప్పుకుందామని నేను గొంతు సవరించుకుంటున్నాను. "వస్తం సేటూ, ఏడాదంత వస్తం," అన్నాడు భాయ్.

బేరంలో తొందరపడి ఒప్పుకున్నవాడు ఓడినట్టే. మా ఇంట్లో పాలు తాగే పసివాళ్లకు కూడా తెలిసిన సంగతి. నేను అతని కాలు తొక్కేసరికే అతను అగరుబత్తులు పక్కన పెట్టి, గుడ్డ తీసి, కుర్చీ లాక్కున్నాడు. పాత పెట్టె పేరు కొట్టాడు. ఉంది. పద్నాలుగు అడిగాడు. ఇచ్చింది. చెక్ నంబరు లెక్కగట్టాడు. నేను చొక్కా జేబులోంచి సర్టిఫికెట్ నకలు తీసి, ఒక్కో అంకె కింద వేలు పెట్టి చదివాను. అన్నీ కలిశాయి.

"పలుపు దొరికిందా?" అన్నాడు సేటు.

"దొరికింది. పలుపుకు ఏడాది చాకిరంటె ధర కొంచెం ఎక్కువైంది సేటూ," అన్నాను.

"చాయ్ నేనే తాగిపిస్త. లెక్క బరాబర్."

పెట్టె మొత్తాన్ని ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాం. ఈసారి రెండేసి నకళ్లు, కొత్త ఫ్లాపీలు, నా చేతులతో నేనే కొన్నాను. తిరుగు బస్సులో భాయ్ ఒక్క మాటే పదేపదే అన్నాడు: చీటీని వరుస నంబరుకు కట్టొద్దు, చెక్ నంబరుకు కట్టాలి. వరుస మనం ఇచ్చేది, ఎప్పుడైనా మారుస్తాం. చెక్ నంబరు మార్పు లోపలి నుంచి వచ్చేది, మార్పు మారకుండా అది మారదు. అంత పొడుగు అంకె ఎవరు గుర్తుపెట్టుకుంటారని నేను సణిగాను. "గుర్తు వెట్టుకుంటనే గద మునిగినం," అన్నాడు. బాపుకు ఏం చెప్పాలని అడిగాను. చాచాకు వరుస ఒకటి నుంచే ఉంటుంది, ఆయన కొబ్బరికాయకు వచ్చిన నష్టమేమీ లేదన్నాడు. ఆ తర్వాత వారమంతా రెండు కట్టల్లోని ప్రతి చీటీనీ విప్పి, ఏది ఏ మార్పుదో తేల్చి, కొత్తగా కట్టాం. దేనిదో తేలని చీటీలను కూడా పారేయలేదు. 'దిక్కులేనివి' అని పేరుపెట్టి పక్కన ఉంచాం.

కాని అదంతా తర్వాత. ఆరోజు కొత్తకోటలో బస్సు దిగి నేరుగా కాంటాకే వెళ్లాం. హైవే పక్కన నాలుగు ట్రాక్టర్లు మిగిలాయి. మిగతావి ఇంకో కాంటాకు వెళ్లిపోయాయి. మామ వాటి డ్రైవర్లను కూర్చోబెట్టి గొర్ల ముచ్చట్లు చెప్పి ఆపుతున్నాడు. భాయ్ ప్రోగ్రాం ఎక్కించాడు. తెర మీద నంబరు వచ్చింది. మామ గోడ మీది సర్టిఫికెట్ ఊడదీసి తెచ్చి, తెరకు ఆనించి పట్టుకొని, పక్కపక్కన చూసుకున్నాడు. ఆయనకు తొందర లేదు. డ్రైవర్లకే ఉంది.

"అదే," అన్నాడు చివరికి.

భాయ్ జేబులోంచి కాగితం తీసి చీటీకి మాటలు సిద్ధం చేసుకోవడం మామ చూశాడు. "మళ్ల ఏం రాస్తున్నవు?"

"ఇయ్యాల మళ్ల ఎక్కించినమని, ముద్ర అదే ఉన్నదని."

"రాసుకో బిడ్డా. ఎంతన్న రాసుకో. నా కాంటకు బయట రాసుకో."

సర్టిఫికెట్‌ను మళ్లీ గోడకు తగిలించి, బయటికి వెళ్లి మొదటి ట్రాక్టరును రమ్మని చేయి ఊపాడు.