మూడో రోజు సెలవు

రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు నన్ను చెన్నై హెడ్డాఫీసు నుంచి నెల్లూరు తీరంలోని రొయ్యల ఫ్యాక్టరీకి పర్సనల్ మేనేజరుగా బదిలీ చేశారు. హాజరు, సెలవులు, మెమోలు నా శాఖ. రొయ్యను శుభ్రం చేసి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. సరుకు వచ్చిందంటే పని ఆగడానికి వీల్లేదు.

చెరువుల్లో రొయ్యల పట్టుబడి ముమ్మరంగా ఉన్న రోజుల్లో గ్రేడింగ్ సూపర్‌వైజరు రమణయ్య తండ్రి చనిపోయాడు. మనుబోలు దగ్గరి పల్లెలో వరి సాగు చేసుకునే కుటుంబం. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు పోతే మా కంపెనీలో మూడు రోజులు జీతంతో సెలవు. రమణయ్య రెండు రోజులే వాడుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే నేనే ఫోన్ చేసి, లారీలు వచ్చి నిలబడ్డాయని చెప్పాను. తలకొరివి పెట్టింది వాళ్ళన్న కాబట్టి రావడానికి ఒప్పుకున్నాడు.

"వస్తా సార్. మిగిలిన రోజు పదకొండో దినానికి పెట్టుకుంటా," అన్నాడు. సరేనన్నాను.

ఆ నెల హాజరు పట్టీలో ఉత్తరక్రియల రోజును హెడ్డాఫీసు 'అనుమతి లేని గైర్హాజరు'గా మార్చి పంపింది. ఈ సెలవు వరుసగా వాడాలట. సంగతి వివరిస్తూ రాశాను. ఉత్తరక్రియలు జరిగినట్టు ఆధారం అడిగారు. బంధువులను పిలుస్తూ అచ్చేయించిన కార్డు పంపాను. కార్డులో మరణించిన తేదీ లేదన్నారు. మరణ ధ్రువీకరణ పత్రం పంపాను. అందులో ఉత్తరక్రియల ప్రస్తావన లేదన్నారు. ఫోన్ చేసి, ఏ పంచాయతీ కార్యదర్శి రాసిస్తాడయ్యా అది, అని అరిచాను. అవతలి అధికారి ఆ మాటే ఈమెయిల్లో పెట్టమన్నాడు, ఎంతో మర్యాదగా.

ఈలోగా షిఫ్ట్ ఇన్‌ఛార్జి పదోన్నతుల జాబితా వచ్చింది. ఆ ఏడాది అనుమతి లేని గైర్హాజరు ఉన్నవాళ్ళ పేర్లు అసలు పరిశీలించరు. తొమ్మిదేళ్ళ సర్వీసున్న రమణయ్య పేరు ఎగిరిపోయింది. నాకు ఒళ్ళు మండి, సెలవు వరుసగానే వాడాలన్న నియమం రాసిన మహానుభావుడెవరో చూపించమని రాశాను. పాత సర్క్యులర్ స్కాన్ చేసి పంపారు.

కింద సంతకం నాది. చెన్నైలో ఉండగా వేరే కంపెనీ నమూనా ముందు పెట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో తయారుచేసిన కాగితం. 'వరుసగా' అన్న మాట దేనికి పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

రమణయ్యను పిలిచి ఆ కాగితం చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు.

"అయితే ఇన్నాళ్ళూ మీతో మీరే పోట్లాడినారా సార్?"

నియమం మార్పిస్తానన్నాను.

"మార్పించండి సార్, ఎనకొచ్చేవాళ్ళకి పనికొస్తాది. మా నాయనైతే మళ్ళీ పోడు గదా," అని గ్రేడింగ్ హాల్లోకి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలు వెంటపడితే సవరణ వచ్చింది. ఆ మూడు రోజులను చావు జరిగిన పదిహేను రోజుల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. పాత కేసులకు వర్తించదని హెడ్డాఫీసు చివర ఒక వాక్యం చేర్చింది. రమణయ్య తనకంటే జూనియరు కింద ఏడాది పనిచేసి, ఆ తర్వాత ఇన్‌ఛార్జి అయ్యాడు.

సెలవు నియమం రాసేవాడు, చావు జరిగిన ఇంట్లో ఏ రోజు ఏం చేస్తారో ముందుగా ఆ ఉద్యోగులనే అడగాలి. నోటిమాటగా ఇచ్చిన అనుమతిని ఆ పూటే కాగితం మీద పెట్టాలి. నేను రెండూ చెయ్యలేదు.