నర్సమ్మ కోసం నా వేలిముద్ర

2002లో నేను జగ్గయ్యపేటలో ఒక ఆరోగ్య సర్వేకి సూపర్‌వైజర్‌ని. పల్లెల్లో పేదవాళ్ళకి వైద్యం ఎంతవరకు అందుతోంది, అందకపోతే ఎక్కడ ఆగిపోతోంది అన్నది మేం కనుక్కోవాలి.

పెనుగంచిప్రోలు దాటాక ఓ చిన్న ఊళ్ళో మా సర్వేవాళ్ళు నింపుకొచ్చిన ఫారాలు చూస్తే ఒళ్ళు మండిపోయింది. సబ్ సెంటర్‌లో, అంటే నర్సు ఒక్కతే నడిపే చిన్న ఆరోగ్య కేంద్రంలో, మందులన్నీ ఉన్నాయని ఊరంతా ఒకటే జవాబు! మావాళ్ళు టీ కొట్లో కూర్చుని నింపేశారనుకుని చెడామడా తిట్టేసి, మర్నాడు నేనే ఆటో ఎక్కాను.

మొదటి ఇంట్లో మంగమ్మ మామ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కనే ఏడో నెల కోడలు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"రక్తం పట్టే మాత్రలు ఇస్తున్నారా మామ్మా?"

"బోలెడు ఇస్తన్నారు బాబూ."

"ఏదీ, ఒక్కటి చూపించు."

"నువ్వేమన్నా పోలీసోడివా ఏంది?" అని కసిరింది. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించింది. "పోయినసారీ ఇట్టాగే రాసుకోడానికొచ్చారు. మాత్రల్లేవని ఉన్నదున్నట్టు చెప్పాం. మాత్రలు రాలా. ఉన్న నర్సమ్మని తీసేశారు. రెండేళ్ళు దిక్కు లేదు మాకు. ఇప్పుడీ పిల్లొచ్చింది. పిలిస్తే వానలో కూడా వస్తది. దీన్నీ పోగొట్టుకోమంటావా?"

అయ్యో, మావాళ్ళని ఊరికే తిట్టానే అనుకున్నాను. సిగ్గేసింది. నేరుగా నర్సు దగ్గరికెళ్ళి అడిగితే, ఆ అమ్మాయి ఇండెంట్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మందులు కావాలని పైకి రాసే పుస్తకం అది. మూడుసార్లు రాసింది. ఒక్కసారీ మాత్రలు రాలేదు.

తిరిగొచ్చి, "తప్పు నర్సమ్మది కాదు, పైనుంచే రాలేదని రాస్తాను మామ్మా" అన్నాను.

"ఏంది నమ్మకం? కన్సెంటో ఏందో, అడగటానికి ఒప్పుకున్నట్టు మా చేత వేలిముద్ర ఏయించుకున్నారుగా. ఇప్పుడు చెప్పింది రాసి నువ్వూ ఎయ్యి."

"నాకు సంతకం వచ్చు మామ్మా!"

"సంతకం నాకు చదవటం రాదు. వేలైతే నీ వేలే గదా!"

నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. మాట కాగితం మీద రాసి, కోడలి చేత చదివించి, బొటనవేలు సిరాలో ముంచాను. మామ్మ ఆ కాగితం పట్టుకుని నాతో ఇంటింటికీ వచ్చింది. సాయంత్రానికల్లా ఊళ్ళో ఫారాలన్నీ మళ్ళీ నింపాం. రిపోర్టుకి ఇండెంట్ కాపీలు జతచేశాను. నెల తిరక్కుండానే మాత్రలొచ్చాయి. నర్సమ్మని ఎవరూ కదపలేదు.

నిజం చెప్పినందుకు ఒకసారి నష్టపోయిన మనిషిని మళ్ళీ నిజం అడిగేటప్పుడు, మనమూ ఏదో ఒకటి ఆ చేతిలో పెట్టాలని ఆ ఊళ్ళోనే నేర్చుకున్నాను. మరుసటేడు వెళితే మంగమ్మ మామ్మ ఒళ్ళో మనవరాలు బొద్దుగా ఉంది. పని అయిపోయిందిగా, నా కాగితం ఇచ్చెయ్యమని వేళాకోళమాడాను.

"ఇయ్యను" అంది. "ఈసారి ఎవరొచ్చినా ముందు ఇది చూపిస్తా. ఇట్టా వేలేస్తేనే నోరిప్పుతా."