ఆ ఆదివారం ఎత్తిన జెండా

ఇన్నేళ్ళుగా ఈ మాట నా గుండె మీద బరువుగా కూర్చుని ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. నేను చేసింది తప్పు. అయినా మా జట్టు మాటెత్తితే నా ఛాతీ పొంగుతుంది. ఏం చేయను?

డెబ్బైల చివర అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఒక కార్ల డిజైన్ ఆఫీసులో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. నా పక్క టేబుల్ రే అనే ఇంగ్లీషువాడిది. వాడూ, ఇంకొందరు డ్రాఫ్ట్స్‌మెన్లూ కలిసి ఆదివారాలు ఆడే ఫుట్‌బాల్ జట్టు ఒకటి పెట్టారు. అక్కడివాళ్ళలా దాన్ని సాకర్ అంటే రే ఊరుకోడు. లీగులో మూడు డివిజన్లు. మాది మూడోదాంట్లో అట్టడుగు. ప్రతి జట్టూ గీత దగ్గర జెండా పట్టుకుని, తప్పు కనిపిస్తే ఎత్తి రిఫరీకి చూపే మనిషినొకణ్ణి ఇవ్వాలి. నాకు బంతి తన్నడం రాదు కనక జెండా నాకిచ్చారు. మా ఆవిడ పాత నారింజ రంగు చీర చించి, చీపురు కర్రకు తొడిగి ఇచ్చింది.

రెండో నెలలోనే రే కొట్టిన గోలుకే జెండా ఎత్తాను. పాస్ కొట్టేసరికే వాడు అవతలి డిఫెండర్లందరినీ దాటి ముందున్నాడు. అంటే ఆఫ్‌సైడ్, గోలు చెల్లదు. ఆ మ్యాచ్ ఓడాం. రే వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ ఇండియన్ అబద్ధం చెప్పడన్న పేరు లీగంతా పాకిపోయింది. నిజం చెప్పనా? గోడ మీది డిగ్రీ పటం కన్నా నాకు ఆ పేరే ఎక్కువ. మంచులో, బురదలో, ఒక్క ఆదివారం మానలేదు. మా జట్టు రెండో డివిజన్‌కు ఎక్కింది.

తరువాత కార్ల వ్యాపారం పడిపోయింది. ఎనభైల మొదట్లో ఆఫీసులో సగం టేబుళ్ళు ఖాళీ. రే ఉద్యోగం పోయింది. కొందరు పని వెతుక్కుంటూ టెక్సస్ వెళ్ళిపోయారు. పదకొండు మందిని కూడగట్టడమే గగనమైంది. సీజన్ చివరి మ్యాచ్ పోలిష్ వాళ్ళ జట్టుతో. డ్రా అయితే మేం రెండో డివిజన్‌లోనే మిగులుతాం, వాళ్ళు కిందికి పోతారు. ఓడితే మేమే పోతాం. పోతే జట్టు మూసేస్తానన్నాడు రే. ఆ ఆదివారాలు తప్ప వాడికింకేం మిగిలింది?

ఆట ముగియవస్తోంది. స్కోరు సమానం. వాళ్ళ ఫార్వర్డ్, నలభై దాటిన బట్టతల మనిషి, పాస్ అందుకుని గోలు కొట్టాడు. పాస్ కొట్టిన క్షణంలో రే అతనికి వెనక, మా గోలుకు దగ్గరగా, మోకాళ్ళు పట్టుకుని ఒగురుస్తూ ఉన్నాడు. స్పష్టంగా చూశాను. రే అక్కడున్నాడు కనక అది ఆఫ్‌సైడ్ కాదు. గోలే. నా చెయ్యి లేచింది. దానంతటదే లేచిందా, నేను లేపానా అని ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నానో! చేతులు వాటంతటవి లేవవు. నేనే లేపాను.

రిఫరీ గోలు రద్దు చేశాడు. వాళ్ళ జట్టంతా అరిచింది. ఆ బట్టతల మనిషి వాళ్ళను ఆపి, నా దగ్గరికి వచ్చాడు.

“మిస్టర్, నేను ఆఫ్‌సైడా?”

“అవును. ఒక గజం.”

“నువ్వు చూశావా?”

“చూశాను.”

“ఓకే. నువ్వు చెప్పావంటే ఓకే,” అని షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

తిట్టినా బాగుండేది. ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

మేం మిగిలాం. రేకి మళ్ళీ పని దొరికింది, కొత్తవాళ్ళు చేరారు, ఆ దశాబ్దం అయిపోకముందే మొదటి డివిజన్ కప్పు గెలిచాం. ఫొటోలో కప్పు పక్కన నారింజ జెండాతో నిలబడింది నేనే. గర్వమా? కావలసినంత. కానీ ఆ మ్యాచ్ తరువాతి సీజన్ షెడ్యూలు వచ్చినప్పుడు, కింది డివిజన్‌లో పోలిష్ జట్టు పేరు వెతికాను. లేదు. జట్టు మూసేశారట. రేకి రాకూడదని నేను అనుకున్నదే ఆ మనిషికి వచ్చింది. ఇన్ని సీజన్లు నిజం చెప్పి సంపాదించుకున్న పేరు లేకపోతే, ఆ ఒక్క అబద్ధం చెల్లేదా?

క్షమించమని అడగడానికి అతని పేరైనా నాకు తెలియదు. అడిగే మొహమూ లేదు. ఫొటో హాల్లోనే ఉంది, తీయను. చూసినప్పుడల్లా మా వాళ్ళందరి మీదా గర్వపడతాను, జెండా పట్టుకున్నవాడి దగ్గర మాత్రం కళ్ళు తిప్పుకుంటాను. ఆ రోజు అతను అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. నువ్వు ఆఫ్‌సైడ్ కాదు. నేను చూశాను. అది గోలు.